రాత్రి విమానంలో పట్టుకున్న భయం: ఒక సీనియర్ పైలట్ కేస్ స్టడీ

ఈ కేసులోని వ్యక్తిని కెప్టెన్ ఆర్ అందాం. వయసు 41. సొంతూరు రాజమండ్రి, కాపురం బెంగళూరు సహకారనగర్‌లో. ఎయిర్‌బస్ ఏ320 కమాండర్. పదిహేనేళ్ళకు పైగా విమానాలు నడుపుతున్నారు, కొన్నేళ్ళుగా కొత్త ఫస్ట్ ఆఫీసర్లకు (కో-పైలట్లకు) శిక్షణ కూడా ఇస్తున్నారు. ఆయనా, ఆయన భార్యా ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఎవరో తెలిసిపోకుండా కొన్ని వివరాలు మార్చాను.

నేను క్లినికల్ సైకాలజిస్ట్‌ని. హెబ్బాళలో, ఎయిర్‌పోర్టుకు వెళ్ళే దారిలో నా క్లినిక్. విమానం ఎక్కాలంటే భయపడే ప్రయాణికులు తరచూ వస్తుంటారు. వాళ్ళకు ముందుగా విమానం గురించే చెప్తాం. కుదుపులకు రెక్కలు విరగవని, ఎగిరేటప్పుడు రాగల అతి పెద్ద భారానికి ఒకటిన్నర రెట్లు తట్టుకునేలా వాటిని తయారు చేస్తారని, ఒక ఇంజన్ ఆగినా రెండోదానితో క్షేమంగా దిగొచ్చని. అంతవరకు తెలిస్తేనే చాలామందికి సగం భయం తగ్గుతుంది. కెప్టెన్ ఆర్‌కి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. ఆయన భయం విమానం మీద లేదు, తన ఒంటి మీదా తన మనసు మీదా ఉంది. బాగా అనుభవమున్న పైలట్లకు ఉన్నట్టుండి వచ్చే భయంలో ముందు వెతకాల్సింది అక్కడే అని నా నమ్మకం. ఈ కేసు రాయడానికి కారణం కూడా అదే.

ఆ రాత్రి

బెంగళూరు నుంచి సింగపూర్ వెళ్ళే రాత్రి విమానం. అండమాన్ సముద్రం మీద 37,000 అడుగుల ఎత్తులో ఆటోపైలట్ మీద సాగుతోంది. వెన్నెల లేదు. కింద చేపల పడవల దీపాలు, పైన చుక్కలు, ఏవి ఎక్కడ ఆగిపోతున్నాయో తెలియని చీకటి. ఫస్ట్ ఆఫీసర్ బాత్రూముకు వెళ్ళాడు. నిబంధన ప్రకారం క్యాబిన్ క్రూలో ఒకమ్మాయి కాక్‌పిట్‌లోకి వచ్చి కూర్చుంది. కెప్టెన్ వెనక్కి తిరిగి, వంగి, బ్యాగులోంచి నీళ్ళ సీసా తీసుకుని మళ్ళీ ముందుకు తిరిగారు. విమానం ఎడమవైపుకు ఒరిగిపోయినట్టు అనిపించింది. ఎదురుగా తెర మీద హొరైజన్ గీత (నింగీ నేలా కలిసే చోటును చూపేది) మాత్రం తిన్నగానే ఉంది.

దీన్ని పైలట్లు లీన్స్ అంటారు. తల తిప్పినప్పుడు లోపలి చెవి నాళాల్లోని ద్రవం కదులుతుంది. బయట చూసి సరిపోల్చుకోవడానికి హొరైజన్ లేకపోతే మెదడు ఆ కదలికనే నిజమనుకుంటుంది. ఒంటిని నమ్మొద్దు, పరికరాలను నమ్మాలి అని శిక్షణ మొదట్లోనే నేర్పిస్తారు. ఆయన అదే చేశారు. కాసేపటికి లీన్స్ తగ్గింది. దాని వెనకే ఇంకోటి వచ్చింది. తాను సీటు వెనక నిలబడి, ఎవరో విమానం నడుపుతుంటే చూస్తున్నట్టు అనిపించిందట. ఆ వెంటనే గుండె దడ, పెదాల చుట్టూ తిమ్మిరి, అరచేతుల్లో చెమట. వాటన్నిటి మీద ఒక ఆలోచన: ‘ఇప్పుడు నా చెయ్యి నా మాట వినకపోతే?’

ఏ320లో కెప్టెన్ సైడ్‌స్టిక్ (విమానాన్ని తిప్పే చిన్న కడ్డీ) ఎడమచేతి వైపు ఉంటుంది. ఆయన ఎడమచేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నారు. పక్కనున్న అమ్మాయి ఏదో చెప్తుంటే ఊకొడుతూ ఉండిపోయారు. ఫస్ట్ ఆఫీసర్ రాగానే తలనొప్పిగా ఉందని కంట్రోల్స్ అప్పగించారు. సింగపూర్‌లో విమానం దించింది అతనే.

అక్కణ్ణుంచి ఒక్కొక్కటే పేరుకుంటూ వచ్చింది. రాత్రి సెక్టార్లు (ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేసే ప్రయాణాలు) వస్తే తోటి పైలట్లతో మార్చుకోవడం, తప్పనప్పుడు ‘ఈ లెగ్ నువ్వు చెయ్యి, నీకు ప్రాక్టీస్ అవుతుంది’ అని పక్కవాళ్ళకు ఇచ్చేయడం, ఎయిర్ వెంట్ ఎప్పుడూ మొహానికి ఎదురుగా పెట్టుకోవడం, తల తిప్పాల్సివస్తే మెల్లిగా, మెడ పట్టేసినవాడిలా తిప్పడం. 2023 ఆగస్టులో నాగపూర్ విమానాశ్రయంలో ఒక పైలట్ బోర్డింగ్ గేటు దగ్గరే కుప్పకూలి చనిపోయిన వార్తను ఫోన్‌లో దాచుకుని పదేపదే చదివేవారు. చివరికి పికప్ క్యాబ్ వచ్చి ఇంటి ముందు ఆగితే కడుపులో తిప్పడం మొదలైంది. సిక్ రిపోర్ట్ చేసి మంచమెక్కేవారు.

భార్యకు విషయం తెలిసింది వాషింగ్ మెషీన్ దగ్గర. యూనిఫాం ప్యాంటు జేబులో రక్తంలో ఆక్సిజన్ కొలిచే పల్స్ ఆక్సీమీటర్ దొరికింది. ‘ఇదెందుకండీ?’ అని అడిగితే సమాధానం రాలేదట. నా దగ్గరికి తీసుకొచ్చింది ఆవిడే.

మొదటి ప్రశ్న ఆయనదే

‘మేడమ్, మీరు రాసే కాగితం డీజీసీఏకి వెళ్తుందా?’ కూర్చోగానే అడిగిన మాట ఇది. డీజీసీఏ అంటే పైలట్ల లైసెన్సులు చూసే పౌర విమానయాన నియంత్రణ సంస్థ. పైలట్లకు వైద్యం చేసేవాళ్ళెవరికైనా ఎదురయ్యే ప్రశ్నే. దీనికి సూటిగా జవాబు చెప్పకపోతే తర్వాత వినేదేదీ పూర్తిగా నిజం కాదు. నేను చెప్పింది ఇది: మీకు తెలియకుండా ఎవరికీ ఏమీ రాయను. కానీ ఈ స్థితిలో విమానం నడుపుతానంటే మాత్రం ఊరుకోను. ఆరోగ్యం తగ్గిందని తెలిశాక లైసెన్సు వాడకూడదన్నది అంతర్జాతీయ నిబంధన. అది మీకు తెలుసు, మీరే మీ ట్రైనీలకు చెప్పి ఉంటారు.

చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఇంటి ఈఎంఐ గురించి, కూతురి స్కూలు ఫీజు గురించి చెప్పారు. అవి సాకులు కావు. మెడికల్ (పైలట్‌కు ఉండాల్సిన ఆరోగ్య ధ్రువపత్రం) ఒకసారి ‘తాత్కాలిక అన్‌ఫిట్’ అయితే ఎగరడం ఆగిపోతుంది, జీతంలో పెద్ద భాగం ఎగిరిన గంటల మీదే ఉంటుంది. పైలట్లు భయాన్ని దాచిపెట్టడానికి పిరికితనం కంటే ఈ లెక్కే పెద్ద కారణం. 2023లో డీజీసీఏ విమాన సిబ్బంది మానసిక ఆరోగ్యం మీద ఇచ్చిన మార్గదర్శకాల్లో, తోటి పైలట్లే అండగా నిలిచే పీర్ సపోర్ట్ ఏర్పాటు గురించి చెప్పింది. అది ప్రతి సంస్థలో నిజంగా నడిస్తే ఇలాంటివాళ్ళు ప్యాంటు జేబులో ఆక్సీమీటర్ దాకా రాకముందే బయటపడతారు. ఆ వారంలోనే కెప్టెన్ ఆర్ స్వయంగా ఏవియేషన్ మెడిసిన్ వైద్యుడికి చెప్పి విధుల నుంచి తప్పుకున్నారు. చికిత్సలో అన్నిటికంటే కష్టమైన పని అదేనని ఇప్పటికీ అనుకుంటాను, దాన్ని ఆయనే చేశారు.

పరీక్షలు అన్నీ జరిగాయి. చెవి, సమతుల్యత, బీపీ, ట్రెడ్‌మిల్, మెదడు ఎమ్మారై, థైరాయిడ్. దేనిలోనూ తేడా లేదు. మద్యం సమస్య లేదు. నిద్ర మాత్రం బాగా చెడింది, ఆ సింగపూర్ రాత్రి వచ్చింది వరసగా రాత్రి డ్యూటీలు చేసిన నెలలోనే.

ఒక ప్రశ్న అడగడానికి ఆయన చాలా తటపటాయించారు. 2015 మార్చి 24న ఫ్రాన్స్‌లోని ఆల్ప్స్ కొండల్లో ఒక కో-పైలట్ కావాలనే విమానాన్ని కూల్చేశాడు. 150 మంది చనిపోయారు. ‘నేను కూడా అలాంటివాడినేనా? లేకపోతే నా చెయ్యి మీద నేనెందుకు కూర్చుంటాను?’ ఇలాంటి మాట వింటే దాటేయకూడదు, బెదిరిపోకూడదు. నేనూ, నా సహోద్యోగి అయిన సైకియాట్రిస్టూ విడివిడిగా, నిదానంగా పరిశీలించాం. చనిపోవాలన్న ఆలోచన లేదు, నిరాశ లేదు, ఎవరిమీదా పగ లేదు. ఉన్నదల్లా ఆ ఆలోచన వచ్చినందుకు కలిగిన హడల్. పసిబిడ్డనెత్తుకున్న తల్లికి ‘జారవిడిస్తే?’ అన్న ఆలోచన వచ్చి చేతులు ఇంకా గట్టిగా బిగుసుకుంటాయి. ఆ చేతులు బిగుసుకోవడమే ఆమె ఉద్దేశం ఏమిటో చెప్తుంది. ఆయన చెయ్యి తొడ కింద పెట్టుకోవడం కూడా అదే చెప్తోందన్నాను. ఆ రోజు ఆయన మొహం కాస్త తేటపడింది.

మందులు వద్దని సైకియాట్రిస్టు నిర్ణయించారు. ఆల్ప్రజోలామ్, క్లోనజెపామ్ లాంటివి మగతనిస్తాయి, స్పందన మందగిస్తుంది, వాటితో విమానం నడపకూడదు. పైగా భయాన్ని ఎదుర్కొని నేర్చుకోవాల్సిన పాఠం మందు మత్తులో ఒంటబట్టదు.

భార్య చెప్పిన సంగతి

ఆయన తండ్రి ఏడాది కిందట పక్షవాతంతో పోయారు. ‘కళ్ళు తిరుగుతున్నాయిరా’ అని ఫోన్‌లో కొడుకుతో అన్నదే చివరి మాట. కొడుకు అప్పుడు డ్యూటీకి బయల్దేరుతున్నారు, ‘నీళ్ళు తాగి పడుకో నాన్నా, దిగాక చేస్తాను’ అన్నారు. దిగేసరికి ఫోన్‌లో చాలా మిస్డ్ కాల్స్ ఉన్నాయి. ఈ సంగతి ఆయన నాకు చెప్పలేదు. భార్య చెప్పినప్పుడు కూడా కిటికీలోంచి ఫ్లైఓవర్ వైపు చూస్తూ ఉండిపోయారు.

దీన్నే మూలకారణమని తేల్చేయడం నాకిష్టం లేదు. అయితే కళ్ళు తిరగడమనేది ఆ రాత్రి తర్వాత ఆయనకు మామూలు అనుభూతిగా ఎందుకు మిగల్లేదో ఇది కొంత చెప్తుంది. ఆపైన జరిగింది పానిక్ (ఉన్నట్టుండి ఎగసిపడే తీవ్రమైన భయం) రోగుల్లో మేము రోజూ చూసేదే. కళ్ళు తిరిగితే ‘ఇది స్ట్రోకేమో, నేను పోతే వెనకున్నవాళ్ళ గతేమిటి’ అన్న భయం. భయానికి ఊపిరి వేగం పెరుగుతుంది. వేగంగా ఊపిరి తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు కొద్దిగా కుంచించుకుని, కళ్ళు ఇంకా తిరుగుతాయి, పెదాలు తిమ్మిరెక్కుతాయి. ఆక్సిజన్ మాత్రం తగ్గదు. అందుకే ఆయన ఆక్సీమీటర్ ఎప్పుడు చూసినా మామూలు అంకే చూపించేది. ఆ అంకె చూసి కాసేపు ఊరట, మళ్ళీ అనుమానం, మళ్ళీ వేలికి తగిలించుకోవడం.

పైలట్‌కి ఇందులో ఇంకో చిక్కు ఉంది. పరికరాలన్నిటినీ వరసగా, ఆపకుండా చూస్తూ ఉండటం ఆయన వృత్తిలో పెద్ద సుగుణం. ఆ చూపునే ఒంటి మీదకు తిప్పారు. గుండె ఎలా ఉంది, తల తేలికగా ఉందా, చెయ్యి వణుకుతోందా. అంత శ్రద్ధగా వెతికితే ఏ ఒంట్లోనైనా ఏదో ఒకటి దొరుకుతుంది.

సీటు వెనక నిలబడి చూస్తున్నట్టు అనిపించడం గురించి కూడా చెప్పాను. 1957లో క్లార్క్, గ్రేబీల్ అనే అమెరికన్ పరిశోధకులు నేవీ, మెరీన్ పైలట్లను అడిగితే, ఎత్తులో ఉన్నప్పుడు లోకంతో సంబంధం తెగిపోయినట్టు అనిపించిందని సుమారు మూడోవంతు మంది చెప్పారు. ఒంటరిగా ఉండటం, చేయడానికి పెద్దగా పని లేకపోవడం, బయట చూడటానికి ఏమీ లేకపోవడం, ఇవే దానికి అనువైన పరిస్థితులు. ఏవియేషన్ మెడిసిన్‌లో దీనికి బ్రేక్-ఆఫ్ అని పేరు. విన్నాక ఆయనకు ఊరట కలగలేదు, కోపం వచ్చింది. ‘లీన్స్ గురించి పరీక్షలో అడిగారు మేడమ్. ఇది మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు.’ ఆ కోపం న్యాయమైనది.

కుర్చీలో లెక్కలు

ఎత్తు మీద భయం లేదు కాబట్టి నంది హిల్స్ అంచుకు తీసుకెళ్ళే పని లేదు. ఏ అనుభూతులకు భయపడుతున్నారో వాటినే కావాలని తెప్పించుకోవాలి. ఒక నిమిషం గబగబా ఊపిరి పీల్చి వదలడం, సన్నటి స్ట్రాతో ఊపిరి తీయడం, ఎడమ అరచేతిని రెప్ప వేయకుండా చూస్తూ అది పరాయిదిగా అనిపించేదాకా ఆగడం. అరచెయ్యి చూడటం ఆయనకు అన్నిటికంటే కష్టమైంది, అందుకే దాన్నే ఎక్కువగా చేశాం. ప్రతిసారీ చేసే ముందు ఏమవుతుందనుకుంటున్నారో రాయాలి, చేశాక ఏమైందో రాయాలి. ‘స్పృహ తప్పుతాను’ అని రాశారు. స్పృహ తప్పాలంటే బీపీ పడిపోవాలి, పానిక్‌లో అది పెరుగుతుంది. అది నేను చెప్తే నమ్మలేదు, నాలుగుసార్లు రాసుకున్నాక నమ్మారు.

కళ్ళు తిరగడానికి కుర్చీ. లోపలి చెవి మీద పనికి 1914లో నోబెల్ అందుకున్న రాబర్ట్ బరానీ పేరుతో తిరిగే కుర్చీలు ఏవియేషన్ మెడిసిన్ కేంద్రాల్లో ఉంటాయి. మన బెంగళూరులో 1957 నుంచి వైమానిక దళానికి ఏరోస్పేస్ మెడిసిన్ సంస్థ ఉంది. నా దగ్గరున్నది మామూలు ఆఫీసు కుర్చీ. అదే చాలింది. కళ్ళు మూసుకోమని, గిరగిరా తిప్పి, తల ఒక పక్కకు వంచమన్నాను. మొహం పాలిపోయింది, చేతులు కుర్చీ పట్టీలను బిగించాయి. అప్పుడు అడిగాను: ‘37,000 అడుగుల్లో ఉన్నారు. దిగడం ఎక్కడ మొదలుపెడతారు?’

ఎత్తులోని వేలను మూడుతో హెచ్చిస్తే, దిగాల్సిన చోటుకు ఎన్ని నాటికల్ మైళ్ళ ముందు దిగడం మొదలుపెట్టాలో వస్తుంది. పైలట్లందరూ వాడే లెక్క.

‘ముప్పై ఏడు మూళ్ళు... నూట పదకొండు. వేగం తగ్గించడానికి ఇంకో పది మైళ్ళు కలుపుకోవాలి.’ కాస్త ఆగి, కళ్ళు తెరవకుండానే, ‘గాలి ఎదురా, తోకా? మీరు చెప్పలేదు’ అన్నారు.

నేను జవాబు చెప్పలేదు. ఆయనే మెల్లిగా కళ్ళు తెరిచారు. ‘ఇంకా తిరుగుతున్నాయి మేడమ్. లెక్క మాత్రం వచ్చేసింది.’ అప్పటిదాకా నేను ఎన్ని బొమ్మలు గీసి చెప్పినా రానిది ఆ క్షణంలో వచ్చింది. తర్వాత ఇంట్లో కూతురు ఆయన్ని కుర్చీలో తిప్పి ఎక్కాలు అడిగేది.

వీటితో పాటు రక్షణ కోసం అలవాటు చేసుకున్నవన్నీ ఒక్కొక్కటే వదిలించాం. ఆక్సీమీటర్ ముందు పోయింది. రాజమండ్రి నుంచి వాళ్ళమ్మగారు పంపిన ఆంజనేయస్వామి తాయెత్తు సంగతేమిటని ఆయనే అడిగారు. భయమేసినప్పుడల్లా దాన్ని తడుముకుంటున్నారా అని చూశాను, లేదు. అమ్మ కోసం కట్టుకున్నది అమ్మ కోసం ఉండనిచ్చాం. దాన్ని కూడా తీసేయాలనే వైద్యులుంటారు, నేను ఒప్పుకోను.

తండ్రి గురించి మాట్లాడటం విడిగా, ఆయన మొదలుపెట్టినప్పుడే జరిగింది. దాని వివరాలు ఇక్కడ అక్కర్లేదు.

ఏమీ జరగని సిమ్యులేటర్

ప్రయాణికుడిగా కొన్ని రాత్రి విమానాలు ఎక్కాక విమానం నడపడాన్ని నేల మీదే అనుకరించే సిమ్యులేటర్ వంతు వచ్చింది. ఆయనకు పాత పరిచయమున్న ఒక ఇన్‌స్ట్రక్టర్ సాయం చేశారు. మొదట టేకాఫ్‌లో ఇంజన్ ఆగిపోవడం, విండ్ షియర్ (గాలి వేగం, దిశ ఉన్నట్టుండి మారడం) లాంటివి ఇచ్చి చూశారు. కెప్టెన్ ఆర్ ఏ తడబాటూ లేకుండా చేశారు. ‘ఈయనకేం భయం?’ అని ఇన్‌స్ట్రక్టర్ ఆశ్చర్యపోయారు. చేతినిండా పని ఉంటే భయానికి చోటుండదు. నేను కోరింది వేరు: రాత్రి, వెన్నెల వద్దు, సముద్రం, 37,000 అడుగులు, ఆటోపైలట్. ఏదీ చెడకూడదు. అలాగే ఉంచండి.

సిమ్యులేటర్ గంటలకు చాలా ఖర్చవుతుంది, ఏమీ జరగకుండా ఉండటానికి దాన్ని ఎవరూ అడగరు. నేను వెనక సీట్లో ఉన్నాను. కాసేపటికే ఆయన చొక్కా వీపు తడిసింది. మామూలుగా తల తిప్పి, వంగి, కిందున్న సీసా తీయమన్నాను. తీశారు. ఒరిగినట్టుందా అంటే ఉందన్నారు. దేన్నీ సరిచేయకుండా అలాగే ఉండమన్నాను. తర్వాత ఎడమచేతిని సైడ్‌స్టిక్ పక్కన తెరిచి ఉంచి, తనను పీడించిన ఆ ఆలోచనను పైకి, వినపడేలా అనమన్నాను. మొదటిసారి గొంతు పెగల్లేదు. చాలాసార్లు అన్నాక ఆ మాట బరువు పోయింది, ఆవలింత కూడా వచ్చింది. ఆవలింతను నోట్స్‌లో రాసుకున్నాను. భయపడుతున్న మనిషి ఆవలించలేడని కాదు, అది విసుగుతో వచ్చిన ఆవలింత.

ఇంకో రోజు ఆయనే ఒకటి అడిగారు. పైలట్ ఉన్నట్టుండి పనికిరాకుండా పోతే ఏం చేయాలన్న డ్రిల్ ప్రతి పైలట్‌కీ తెలుసు. రెండుసార్లు పిలిచినా సరైన జవాబు రాకపోతే రెండో పైలట్ కంట్రోల్స్ తీసుకోవాలి. సైడ్‌స్టిక్ మీద దానికోసం టేకోవర్ బటన్ ఉంటుంది. ఆయన ఎంతోమందికి నేర్పిన డ్రిల్ అది. ఈసారి తానే పడిపోయినవాడిగా కూర్చుంటానన్నారు. కళ్ళు మూసుకుని సీట్లో జారబడ్డారు. పక్కనున్న కుర్రాడు పిలిచాడు, మళ్ళీ పిలిచాడు, ‘ఐ హ్యావ్ కంట్రోల్’ అన్నాడు, విమానం దించాడు. మొదటినుంచీ చివరిదాకా కెప్టెన్ వేలు కదపలేదు. ‘నాన్న పోయినప్పుడు నేను పైన ఉన్నాను. నేను పోతే పక్కన వీడున్నాడు’ అన్నారు బయటికొచ్చాక. దాని మీద నేనేమీ వ్యాఖ్యానించలేదు.

తిరిగి డ్యూటీలోకి

ఫిట్ అని తేల్చాల్సింది నేను కాదు. నా నివేదిక, సైకియాట్రిస్టు నివేదిక చూసి, ఏవియేషన్ మెడిసిన్ వైద్యులు స్వయంగా పరిశీలించి మెడికల్ తిరిగి ఇచ్చారు. తర్వాత శిక్షణ కెప్టెన్ పక్కన కూర్చుని కొన్ని సెక్టార్లు చేయించారు. అందులో రాత్రి సముద్రం మీద వెళ్ళేవి ఉండాలని నేను గట్టిగా అడిగాను. పగలు మాత్రమే ఎగిరి నయమైందనుకుంటే ఆ భయం రోస్టర్‌లో ఎక్కడో కాచుకుని ఉంటుంది.

మొదటి రాత్రి సెక్టార్‌లోనే లీన్స్ వచ్చింది, కాసేపు దూరం నుంచి చూస్తున్నట్టు కూడా అనిపించిందట. పక్కనున్నవారికి ‘నాకు కొంచెం లీన్స్ ఉంది’ అని మామూలు గొంతుతో చెప్పారు, పరికరాలు చూసుకుంటూ పని చేసుకున్నారు. ఇదే నేను కోరుకున్న ఫలితం. ఆ అనుభూతులు ఇక ఎప్పటికీ రాకుండా చేస్తానని నేను ఏ పైలట్‌కీ మాట ఇవ్వను. చీకట్లో ఎగిరే మనిషి చెవి ఉన్నంతకాలం అవి వస్తాయి.

ఈ మెరుగుదలలో ఏది ఎంత పనిచేసిందో విడదీయడం కష్టం. నెలల తరబడి రాత్రి డ్యూటీలు లేక నిద్ర కుదుటపడింది, తండ్రి గురించి నోరు విప్పారు, ఇవీ కలిసొచ్చాయి. అయినా నిద్ర కుదుటపడ్డాక కూడా సిమ్యులేటర్‌లో మొదటిరోజు చొక్కా తడిసిందన్నది మర్చిపోకూడదు. విశ్రాంతి ఒక్కటే చాలదు.

డ్యూటీలో చేరిన కొన్నాళ్ళకు ఆయనకు వైరల్ జ్వరం వచ్చింది. తగ్గాక రెండు రోజులు తల దిమ్ముగా ఉండి, పాత అనుమానం తొంగిచూసింది. ఫోన్ చేశారు. దిమ్ము తగ్గి, డాక్టర్ సరేననేదాకా సిక్‌లో ఉండమన్నాను, అది నియమం. డాక్టర్ సరేనన్నాక మాత్రం ఒక్కరోజు కూడా అదనంగా సెలవు పెట్టొద్దన్నాను, కుర్చీ అభ్యాసం మళ్ళీ మొదలుపెట్టమన్నాను. రోస్టర్‌లో ముందుగా వచ్చింది రాత్రి సెక్టార్. మార్చుకోలేదు, వెళ్ళొచ్చారు. ఆరునెలలకోసారి ఉండే సిమ్యులేటర్ పరీక్ష అయ్యాక మళ్ళీ కలుద్దామనుకున్నాం.